డెల్ఫియా మామ్మ ఒరుగుల కేకు

మా లోయలో ఎవరైనా మంచం పట్టారంటే డాక్టరు కన్నా ముందు మా మామ్మ వెళ్ళి చూసేది. వైద్యం చేయడానికి కాదు. వాళ్ళ భూస్థాపన భోజనానికి కేకు ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి.

వినడానికి ఇది మోటుగా ఉంటుంది గానీ మా వైపు ఎవరికీ అలా అనిపించేది కాదు. కెంటకీ కొండల్లో, లారెల్ వాగు పొడవునా ఉన్న ఇళ్ళలో ఎవరు పోయినా, కొండమీద పూడ్చి కిందికి దిగాక అందరూ చర్చి హాల్లో కలిసి భోంచేస్తారు. ఎవరింటి వంట వాళ్ళు తెస్తారు. ఒకరు చిక్కుడు గింజలు, ఒకరు పొగబెట్టిన పంది మాంసం, ఒకరు మొక్కజొన్న రొట్టె. ఆఖర్న మా మామ్మ చేసిన పొరల కేకు రావాలి. అది లేకపోతే పోయినవాళ్ళని సరిగ్గా సాగనంపినట్టు కాదని మా వాళ్ళ పట్టింపు.

పేరుకి కేకే గానీ, దాని పని వేరు. తీపి జొన్న కర్రల రసం కాచిన పాకం, మజ్జిగ, అల్లం పొడి కలిపిన పిండిని పల్చగా అదిమి, ఇనప పెనాల్లో పెట్టి కాల్చాలి. ఆపిల్ ఒరుగులు నానబెట్టి, ఉడికించి, మెత్తగా మెదిపి, ఆ గుజ్జుని ఒక్కో రొట్టెకీ పూస్తూ పేర్చుకుంటూ పోవాలి. పేర్చిన రోజే తింటే పళ్ళూడతాయి. గుడ్డ చుట్టి చల్లటి గదిలో పెట్టి, మూడు రోజులు దాని జోలికి పోకూడదు. ఒరుగుల తడిని రొట్టెలు నిదానంగా తాగి మెత్తబడతాయి. మనిషి పోయాక మొదలుపెడితే భోజనం వేళకి అది ఇంకా అట్టముక్కలాగే ఉంటుంది. అందుకే ముందుచూపు కావాలి, ఆ ముందుచూపు మా మామ్మకి ఉండేది.

జబ్బు మనిషి పక్కన కూర్చుని, లోకాభిరామాయణం చెబుతూ, దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి పాదాలు పట్టుకునేది. వెచ్చగా ఉంటే కాసేపు కూర్చుని వచ్చేసేది. చల్లగా ఉంటే ఇంటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, అటక దూలానికి వేలాడే ఒరుగుల సంచి దించేది. మా పొగగొట్టం నుంచి అల్లం వాసన వస్తే దారిన పోయేవాళ్ళు కంచె దగ్గర ఆగి ఎవరికని అడిగేవాళ్ళు. ఈనస్ అనే ముసలాయన, మామ్మ తన ఇంటివైపు వస్తోందని తెలిసి, బూట్లు వేసుకుని మరీ దుప్పటి కప్పుకున్నాడు. అయినా ఆయనకీ కేకు తప్పలేదు. కాకపోతే చాలా ఏళ్ళ తర్వాత.

మా మామ్మ పేరు డెల్ఫియా. పదిహేడో ఏట కొండ అవతల నుంచి కంచరగాడిద మీద ఎక్కి, ఒళ్ళో కోడిపెట్టని పెట్టుకుని ఈ లోయకి కాపరానికి వచ్చింది. తాతయ్య బొగ్గు గనిలో చేసీ చేసీ ఊపిరితిత్తులు పాడై పోయాడు. ఆయన కోటునే మామ్మ చివరిదాకా చలికాలమంతా తొడుక్కుని తిరిగింది. జేబులో ఎప్పుడూ ముక్కుపొడి డబ్బీ, మేకులు, కోళ్ళకి గింజలు ఉండేవి. మా అమ్మానాన్నా ఫ్యాక్టరీ పనికి ఒహాయో వెళ్ళిపోతూ నన్ను కొన్నాళ్ళు ఉండమని ఆవిడ దగ్గర వదిలారు. ఆ కొన్నాళ్ళు ఎప్పటికీ పూర్తికాలేదు, నేను పూర్తి కావాలని కోరుకోనూ లేదు. పెద్దయ్యాక మా ఊరి బళ్ళోనే వంటమనిషిగా చేరాను. ఇంతమంది పిల్లలకి రోజూ వండి పెట్టినా, మామ్మ లెక్కలో మాత్రం నాకు వంట రాదు.

ఆవిడ లెక్కలో వంట రానివాళ్ళలో నాకన్నా పై మెట్టు మీద ఉన్నది వర్లీ అత్త. వర్లీ మా తాతయ్య చెల్లెలు, అంటే మామ్మకి ఆడపడుచు. నాన్న అత్తా అని పిలవడం విని మేమందరం అలాగే పిలిచేవాళ్ళం. వదినా ఆడపడుచులకి క్షణం పడేది కాదు. వాగుకి ఈ ఒడ్డున మామ్మ, ఆ ఒడ్డున వర్లీ అత్త. మధ్యన చెక్క వంతెన. దాన్ని ఎవరు ముందు దాటితే వాళ్ళు ఓడినట్టు.

గొడవంతా ఆ కేకు గురించే. అసలు ఆ కేకు వర్లీ అత్త వాళ్ళమ్మది. ఆవిడ కన్నకూతురికి నేర్పకుండా కొత్తకోడలికి నేర్పింది. అప్పట్లో వర్లీ అత్త బళ్ళో జరిగే డాన్సుల చుట్టూ తిరుగుతూ పొయ్యి దగ్గరికి రమ్మంటే వచ్చేది కాదట. తీరా నేర్చుకుందామనుకునే వయసొచ్చేసరికి వాళ్ళమ్మ లేదు, వంట వదిన చేతికి వెళ్ళిపోయింది. వదినని అడగడానికి నోరు రాలేదు. మామ్మకి తనంతట తాను చెప్పబుద్ధి కాలేదు. దాంతో వర్లీ అత్త పంతం కొద్దీ కొట్లో దొరికే డబ్బా ఆపిల్ గుజ్జు పూసి కేకు చేసి ప్రతి భోజనానికీ తెచ్చేది. మామ్మ దాన్ని చూసి, పాపం నీళ్ళలో పడిందా అని అడిగేది. వర్లీ అత్త మూతి ముడుచుకుని తన కేకు తనే తినేది. ఆవిడ కేకుని మామ్మ ఒక్కసారి కూడా నోట పెట్టగా నేను చూడలేదు.

మామ్మకి ఎనభై దాటాక ఒక ఏడు చలికాలం రాకముందే గుండె నీరసించింది. టౌను డాక్టరు మందులిచ్చి, ఇంట్లోనే జాగ్రత్తగా చూసుకోమన్నాడు. మామ్మ ఇంటికొచ్చి మంచం వంటింటికి ఆనుకున్న గదిలో వేయించుకుంది. పొయ్యి కనబడాలట. నన్ను పిలిచి ఒరుగులు నానబెట్టమంది.

"ఎవరికి మామ్మా?" అన్నాను.

"నాకే. ఎవరో ఒకరు చెయ్యాలి కదే. నా భోజనానికి వర్లీ నీళ్ళ కేకు పెట్టి నన్ను నవ్వులపాలు చేస్తావా?"

ఏడుస్తూనే చేశాను. మంచంలోంచి ఒకటే పురమాయింపులు. పిండి గట్టిపడిందని, పెనం కాలలేదని, నేను గరిటె పట్టుకునే పద్ధతే తప్పని. మూడో రోజుకి తిట్టీ తిట్టీ ఆవిడకే ఓపిక వచ్చింది. లేచి కూర్చుని ఒక ముక్క కోసి పెట్టమంది. నెమ్మదిగా నమిలింది. ఇంకో ముక్క అడిగి అదీ తింది. తిన్నాక మూతి తుడుచుకుని తీర్పు చెప్పింది.

"ఇలాంటి కేకు పెట్టుకుని నేను పోను. ఇంతమందిని సాగనంపిన దాన్ని, నాకు ఈ ముద్దా? నువ్వు మంచి కేకు చెయ్యి, అప్పుడు చూద్దాం."

ఆ మాట లోయంతా పాకింది. మా హార్లన్ బాబాయి, అంటే మామ్మ చిన్నకొడుకు, చర్చి మెట్ల మీద నిలబడి, నన్ను చూపిస్తూ, మా ట్విలాకి వంట రాకపోబట్టి మా అమ్మ బతికి ఉందని అందరికీ చెప్పుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. మా మామ్మ మాట మీద నిలబడే మనిషి. మంచి కేకు లేనిదే పోనంది. అయితే మంచి కేకు చెయ్యకుండా ఉంటే సరి. ముప్పై రెండేళ్ళు వచ్చి, ఉద్యోగం చేసుకుంటున్న మనిషిని ఇలా ఆలోచించడమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను గానీ, ఆలోచన మాత్రం వదల్లేదు. నాకు ఆవిడ తప్ప ఎవరున్నారు?

క్రిస్మస్ వెళ్ళాక మళ్ళీ నీరసపడింది. మళ్ళీ ఒరుగులు నానబెట్టమంది. ఈసారి ఏడవకుండా చేశాను, పిండిలో సోడా మాత్రం గుప్పెడు గుమ్మరించాను. ఒక రొట్టె కావాలనే మాడ్చాను. మూడో రోజున మామ్మ ఒక తుంపు నోట్లో వేసుకుని, మింగకుండా నా వంక చూసింది.

"సోడా చెయ్యి జారిందా, నువ్వు జార్చావా?"

"జారింది మామ్మా."

"అబద్ధం ఆడ్డం కూడా నీకు కేకు చేసినట్టే వచ్చు," అంది. కోపం లేదు ఆ గొంతులో. కేకు కోళ్ళకి వేయించింది. కోళ్ళు కూడా కాస్త వెనకాడాయి. మామ్మ అదంతా కిటికీలోంచి చూసి నవ్వీ నవ్వీ ఆయాసపడింది. ఆ నవ్వు చూసి నేను గెలిచాననుకున్నాను. ఆ తర్వాత వారంలోపే లేచి, తాతయ్య కోటు తొడుక్కుని, కోళ్ళగూడు దాకా నడిచింది.

చలి తగ్గింది. కొండ వాలున అడవి చెట్లు గులాబీ రంగు పూలు పూశాయి. వాటిని చూడాలని మామ్మ మంచం కిటికీ వైపు తిప్పించుకుంది. చూసేది, నిద్రపోయేది, లేచి మళ్ళీ చూసేది. నన్ను తిట్టడం తగ్గింది. గరిటె ఎలా పట్టుకున్నా ఏమీ అనడం లేదు. నాకు భయం వేసి బడికి సెలవు పెట్టాను.

ఒక బుధవారం మధ్యాహ్నం ఆవిడ పాదాలకి కొవ్వు రాస్తూ కూర్చున్నాను. అరికాళ్ళు చల్లగా ఉన్నాయి. మర్దనా చేశాను, ఉన్ని మేజోళ్ళు తొడిగాను, మళ్ళీ తీసి చూశాను. అవి వాగు రాళ్ళలాగే ఉన్నాయి.

"ఎలా ఉన్నాయే?" అంది మామ్మ కళ్ళు మూసుకునే.

"వెచ్చగానే ఉన్నాయి."

తర్వాత ఒరుగులు నానబెట్టమంది. జొన్నపాకం అయిపోయిందన్నాను. హార్లన్ దగ్గర ఉంటుంది తెమ్మంది. బాబాయి సీసా పగిలిపోయిందట అన్నాను. అల్లం పొడి పురుగు పట్టిందన్నాను. పెనాలు తుప్పు పట్టాయన్నాను. ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చాలాసేపు చూసింది. నేను ఆవిడ మేజోళ్ళు సర్దుతూ తల దించుకున్నాను. మామ్మ నా జుట్టు మీద చెయ్యి వేసింది.

"సరేలే. రేపు వర్లీని ఒకసారి రమ్మను."

నేను వంతెన దాటి వెళ్ళి చెబితే వర్లీ అత్త నమ్మలేదు. నన్నా, పేరు పెట్టి పిలిచిందా అని రెండుసార్లు అడిగింది. మర్నాడు చర్చికి వేసుకునే కోటు వేసుకుని మరీ వచ్చింది. మామ్మ నన్ను బయటికి పొమ్మని తలుపు వేయించింది. వాళ్ళిద్దరూ ఒక గదిలో తలుపు వేసుకుని కూర్చోవడం మా ఇంటి చరిత్రలోనే లేదు. నేను వంటింట్లో గిన్నెలు సర్దుతున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించాను. మామ్మ గొంతు సన్నగా ఏదో చెబుతోంది. వర్లీ అత్త మధ్యలో "అంత పల్చగానా వదినా?" అనడం ఒక్కటే తెలిసింది. కాసేపటికి ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత నేను కట్టెల కోసం పెరట్లోకి వెళ్ళొచ్చాను.

వర్లీ అత్త బయటికి వచ్చేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. కోటు ముందువైపు లావుగా ఎత్తుగా ఉంది, చేత్తో అదిమి పట్టుకుని నడుస్తోంది. వయసుతో పాటు ఒళ్ళు చేసిందనుకున్నాను. గుమ్మం దగ్గర ఆగి, ఈ మెట్టు మీద నాచు గీకకపోతే ఎవరో ఒకరు పడి చస్తారని నన్ను నాలుగు తిట్టి పోయింది.

ఆదివారం పొద్దున్నే మళ్ళీ వచ్చింది. చేతిలో ఏదో చిన్న గిన్నె, పైన గుడ్డ. సూప్ అనుకున్నాను. నువ్వు వెళ్ళి కోళ్ళ సంగతి చూడు, నేను కూర్చుంటాలే అంది. కోళ్ళకి గింజలు జల్లి, నీళ్ళు మార్చి వచ్చేసరికి వర్లీ అత్త మామ్మ మూతి తన రుమాలుతో తుడుస్తోంది. మామ్మ ముఖం తేటగా ఉంది. వర్లీ అత్త గిన్నె పట్టుకుని వంతెన వైపు గబగబా వెళ్ళిపోయింది.

ఎండ మంచం మీదికి వచ్చేవేళకి మామ్మ నా చెయ్యి వెతుక్కుంది.

"కోళ్ళకి నీళ్ళు పెట్టావా?"

"పెట్టాను మామ్మా."

"మంచిపిల్లవి," అంది. అంతకు ముందు నా పనిని మెచ్చుకున్న గుర్తు నాకు లేదు. చర్చి నుంచి జనం ఇళ్ళకి వెళుతున్న మాటలు దారి మీద వినబడుతుండగా ఊపిరి ఆగిపోయింది. ఆ చెయ్యి అలాగే పట్టుకుని కూర్చున్నాను. కేకు లేకుండా ఎలా వెళ్ళిందో నాకు అర్థం కాలేదు. మాట ఇచ్చి తప్పిందని, చెప్పొద్దూ, కోపం కూడా వచ్చింది.

హార్లన్ బాబాయి, తక్కినవాళ్ళూ వచ్చి జరగవలసినవి చూస్తుంటే నేను నిచ్చెన వేసుకుని అటక ఎక్కాను. ఇక దాచిపెట్టేదేముంది? మంగళవారం భోజనం. గట్టిగా ఉన్నా సరే, పళ్ళూడినా సరే, మా మామ్మకి ఒరుగుల కేకు ఉండి తీరాలి. దూలానికి సంచి లేదు. ఎలుకలు లాగాయేమోనని మూలమూలలా వెతికాను. కొక్కెం ఉంది, తాడు ఉంది, సంచి లేదు. ఆవిడ కిందటి ఎండాకాలం రేకుల కప్పు మీద ఎండబెట్టి, కందిరీగల్ని తోలి, మంచు పడకముందే సాయంత్రాలు ఎత్తిపెట్టుకున్న ఆఖరి ఒరుగులు. అటక మీదే కూలబడి ఏడ్చాను. లోయలో ప్రతి గడపకీ కేకు చేసిన మనిషికి కేకు లేకుండా చేశానే అని ఏడ్చాను.

మంగళవారం హార్లన్ బాబాయీ, ఇరుగుపొరుగు మగవాళ్ళూ కలిసి తాతయ్య పక్కన గొయ్యి తవ్వారు. పాస్టరుగారు క్లుప్తంగా ప్రార్థన చేశారు. మామ్మ కోరిక ప్రకారం తాతయ్య కోటు పెట్టెలో పెట్టాం. జేబులో గింజలు అలాగే ఉన్నాయి, నేనే తీయనివ్వలేదు. కొండ దిగి హాల్లోకి వెళ్ళేసరికి బల్లలన్నీ గిన్నెలతో నిండిపోయి ఉన్నాయి. ఆఖరి బల్ల చివర ఒక్క చోటు ఖాళీ. అది మామ్మ కేకు పెట్టే చోటు. ఎవరూ అక్కడ ఏమీ పెట్టలేదు. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు కూడా. అడిగి ఉంటేనే తేలిగ్గా ఉండేది.

వర్లీ అత్త ఆలస్యంగా వచ్చింది. రెండు చేతులా ఒక రేకు డబ్బా మోసుకుంటూ, ఎవరి వంకా చూడకుండా, నేరుగా వెళ్ళి ఆ ఖాళీ చోట పెట్టింది. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇవాళ కూడా డబ్బా గుజ్జేనా అని ఎవరో గొణిగారు. నేను లేచి వెళ్ళాను, ఇవాళ్టికి వద్దత్తా అని చెబుదామని. అప్పటికే ఆవిడ మూత తీసి గుడ్డ విప్పింది.

అల్లం వాసన. జొన్నపాకం వాసన. నల్లటి పొరలు, వేలంత మందం కూడా లేవు, ఒకదాని మీద ఒకటి ఒదిగి కూర్చున్నాయి. కత్తి పెడితే చప్పుడు లేకుండా దిగింది. వర్లీ అత్త మొదటి ముక్క నా చేతిలో పెట్టింది. నోట్లో వేసుకున్నాను. మా మామ్మ ఇంకా బతికే ఉందన్నట్టు అనిపించింది. పక్కనున్న బెంచీ మీద కూర్చుండిపోయాను. వర్లీ అత్త వచ్చి నా పక్కన కూర్చుంది.

గురువారం మామ్మ పిలిచింది ఇందుకేనట. సంచి ఎక్కడుందో చెప్పి, నేను పెరట్లోకి వెళ్ళినప్పుడు దింపుకోమందట. నేను కట్టెల కోసం వెళ్ళిన కాస్త సేపట్లో ఈ వయసులో నిచ్చెన ఎక్కి దించి, కోటు లోపల దాచుకుని తీసుకెళ్ళిందట. మొదటి నుంచి చివరిదాకా ఎలా చెయ్యాలో నోటితో చెప్పిందట. మీ అమ్మది మీ ఇంటికే చేరుతోంది, నా దగ్గర ఎక్కువకాలం ఉంచుకున్నాను అందట.

"పిల్ల చెయ్యలేదు వర్లీ, కావాలని సోడా గుమ్మరిస్తుంది, దాని చేత చేయించొద్దు అంది. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క సాయం అడగలేదు మీ మామ్మ. అడిగింది ఇదొక్కటే. అడుగుతూ కూడా, నీ డబ్బా గుజ్జు కలిపావంటే లేచి వస్తానంది."

ఇద్దరం నవ్వాం. నవ్వుతుంటే నాకు కళ్ళు మసకబారాయి. నేను చేయలేని పనిని నా మీద పెట్టకుండా, జన్మంతా దాటని వంతెనని మామ్మ దాటింది. మంచంలో పడుకునే దాటింది.

"ఆదివారం తెచ్చింది సూప్ కాదన్నమాట," అన్నాను.

వర్లీ అత్త తల అడ్డంగా ఊపింది. చేతిలో రుమాలు మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. చిన్న ముక్క పాలలో నానబెట్టి తెచ్చిందట. తన కేకుని ఎన్నాళ్ళుగానో ముట్టని మనిషి ఇప్పుడేమంటుందోనని చూస్తూ చెంచాతో పెట్టిందట.

"తిని ఏమంది అత్తా?"

"బాగుందంది." ఆవిడ రుమాలు ఒళ్ళో పడేసింది. "ఆ ఒక్క మాట కోసం నా పెళ్ళినాటి నుంచీ చూశానే ట్విలా. తీరా బాగుందంది, మధ్యాహ్నానికి పోయింది. నీలాగా నేనూ సోడా గుమ్మరించి ఉంటే ఎంత బాగుండేదే."

ఆవిడ బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. ఆ వీపు మీద చెయ్యి వేసి రాశాను. చేతిలో ఇంకా సగం ముక్క ఉంది. అదీ నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలి, మూతి తుడుచుకున్నాను.

"అల్లం కాస్త ఎక్కువైంది అత్తా," అన్నాను.

వర్లీ అత్త తల ఎత్తి నా వంక చూసింది. తడి కళ్ళతోనే మూతి ముడిచింది.

"నీకేం తెలుసే వంట," అని, నాకు ఇంకో ముక్క కోసింది.